సీతారావమ్మ రాత, సీతారావమ్మ గొంతు

సీతారావమ్మ గొంతు విప్పిందంటే కాలవకి ఆవలి గట్టున నాట్లు వేసే కూలీలు కూడా నడుమెత్తి చూసేవారు. "ఒసే మాణిక్యం! అటేపు గండి పడిందే! నీళ్ళన్నీ వాళ్ళ చేలోకి పోతన్నయ్యి, కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని అరిస్తే చేలో కొంగలు లేచిపోయేవి. ఆ మనిషే మధ్యాహ్నం అన్నాలయ్యాక కలం పట్టుకుంటే మాట వెన్నలా జారేది.

పామర్రులో ఎవరికి సన్మానం జరిగినా పత్రం ఆమే రాసేది. దాన్ని విజయవాడలో అచ్చు వేయించి, అద్దం కట్టించేవారు. సభలో గొంతున్నవాడెవడో చదివేవాడు. చివర "ఇట్లు, పామర్రు పౌరులు" అని ఉండేదే తప్ప రాసినవాళ్ళ పేరు ఉండేది కాదు. అది ఆచారం. ఇంత కమ్మటి రాత ఆ నోటి మనిషిదై ఉండదని, మొగుడు రత్తయ్యే రాసిపెడుతున్నాడని సగం ఊరు నమ్మింది. ఆయనకి సంతకం చెయ్యడమే గగనం, పాపం!

ఇన్నాళ్ళూ ఆమె పట్టించుకోలేదు. కాని డెబ్బై నాలుగులో తెరేసమ్మ టీచరుగారు రిటైరయ్యారు, ఊరు సన్మానం తలపెట్టింది. సీతారావమ్మ చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఐదో క్లాసుతో బడి మాన్పిస్తుంటే తండ్రితో దెబ్బలాడి, నెగ్గలేక, తన పుస్తకాలు కొన్ని పిల్ల చేతిలో పెట్టి పంపిందీ ఆవిడే. ఈ ఒక్క పత్రం ఎవరు రాశారో టీచరుగారికి తెలియాలని సీతారావమ్మ పట్టు.

"ఈసారి నేనే చదువుతానండీ," అని ఊరి పెద్ద వెంకటప్పయ్యగారిని అడిగింది.

"నీ నోటికి మైకు గూడానా అమ్మాయ్? జనం బెదిరిపోతారు. బెజవాడ నించి లెక్చరరుగారు వస్తన్నారులే, ఆయన చదువుతారు," అని ఆయన నవ్వేశాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. అయినా టీచరుగారి సభ పాడుచెయ్యకూడదని నోరు కట్టుకుంది. ఆమె జన్మలో అలాంటి సందర్భాలు బహు తక్కువ.

సభనాడు లెక్చరరుగారు తేనెలూరే గొంతుతో ఎత్తుకున్నారు. "అక్షరప్రదాత్రీ! మీ చేతి సుద్దముక్కయే మా జీవితములకు తొలి వెలుగురేఖ..." జనం తలలూపారు. సీతారావమ్మ మాత్రం టీచరుగారినే చూస్తోంది. ఆవిడ చిరునవ్వుతో కూర్చున్నారు కాని, చప్పట్లు మోగినప్పుడల్లా పక్కవాళ్ళ మొహం చూసి, అప్పుడు చేతులు జోడిస్తున్నారు. ఆవిడకు చెవులు మందగించాయి. పత్రంలో ఒక్క ముక్కా వినపడలేదు.

సీతారావమ్మ లేచి వేదిక ఎక్కింది. మైకు జోలికి పోలేదు.

"టీచరుగారండీ!"

పందిరి అదిరింది. తెరేసమ్మగారు ఉలిక్కిపడి తలెత్తారు. "సీతా! నువ్వేనటే?"

"నేనేనండీ! ఆయన చదివింది మీకు ఇనపళ్ళేదు గదండీ, నే చెప్తా ఇనండి. ఆ రోజు మా నాన్న దగ్గర మీరు ఓడిపోలేదండీ! మీరిచ్చిన పుస్తకాలు అట్టలూడేదాకా చదివా. పొయ్యి ముందు కూర్చుని చదివా, చేను కాడ చదివా. ఈ ఊళ్ళో అద్దం కట్టిన పత్రాలన్నీ నేనే రాశా. మీది గూడా నేనే రాశానండీ!"

వెనక వరసలో రత్తయ్య తలపాగా సర్దుకుని, మీసాల్లోనే నవ్వుకున్నాడు.

తెరేసమ్మగారు లేచి నిలబడ్డారు. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా గర్వం. శిష్యురాలి చెయ్యి పట్టుకుని, ఆమెని జనం వైపు తిప్పారు.

"వినపడిందే తల్లీ," అన్నారు. "అయినా మళ్ళీ చెప్పు."