ఎవరూ కెమెరా వైపు చూడొద్దు

సెల్‌ఫోన్లు ఇంకా మా ఇళ్ల దాకా రాని ఆ రోజుల్లో కూడా నా చేతిలో ఎప్పుడూ ఫోను ఉండేది. మా పిన్ని వాళ్లింటి కార్డ్‌లెస్ ఫోను. భిలాయిలో రిసాలి అనే పేటలో వాళ్ల క్వార్టర్ ముందున్న జామచెట్టు దాకా పనిచేసేది, చెట్టు దాటితే గరగరమని చచ్చిపోయేది. కాబట్టి నా ప్రపంచం కూడా జామచెట్టు దాకానే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వైజాగ్‌లో పుట్టి పెరిగి, డిగ్రీ పూర్తిచేసి, స్టీల్ ప్లాంటులో పనిచేసే బాబాయి దగ్గర ఉండి ఏదైనా ఉద్యోగం చూసుకుందామని భిలాయి వచ్చాను. ఆ వయసులో నాకు రెండే రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను సిటీదాన్ని. రెండు, మిగతావాళ్లకి ఏమీ తెలీదు. ఈ నమ్మకంతో మొదటి ఉద్యోగం పదకొండు రోజులు చేశాను, రెండోది పందొమ్మిది రోజులు. (ఎంతో కొంత మెరుగయ్యాను కదా అని నేననేదాన్ని. బాబాయి ఒప్పుకోలేదు.) మొదటి చోట మేనేజరు టీ తెమ్మన్నాడని రిజిస్టరు బల్లకేసి కొట్టి వచ్చేశాను. రెండో చోట ఎవరూ ఏమీ అనలేదు. అయినా కోపం వచ్చింది.

మూడోది నెహ్రూ నగర్‌లో కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న కంపెనీలో. బాబాయి ఎవరెవరినో బతిమాలి పెట్టించాడు. చేరే రోజు పొద్దున్నే డ్యూటీకి సైకిలు తీస్తూ, "సూడమ్మా, ఇది కూడా వొగ్గీసి వొచ్చీసావనుకో, మీ నాన్నకి నానేటి సెప్పాల? ఇంక నా వల్ల కాదు. వైజాగ్ రైలెక్కించీడమే" అన్నాడు. వైజాగ్‌లో నా కోసం కాచుకుని ఉన్న పని ఏమిటంటే, నాన్న స్నేహితుడి ట్యూషన్ సెంటర్లో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పడం. నా కోపం సంగతి నాకు తెలుసు కాబట్టి, ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకే భయమేసింది.

కంపెనీ యజమానిని మేమంతా ఫ్లాపీ సార్ అనేవాళ్లం. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు ఫ్లాపీలు పెట్టుకుని తిరిగేవాడు. వాటిలో ఏముందో ఎవరికీ తెలీదు, ఆయనకి తెలుసా అన్నదీ అనుమానమే. ఒకరోజు ఆయన ఆఫీసుకి కంప్యూటర్ల బదులు బట్టల మూటలు దింపించాడు. టీషర్టులు: గుండె మీద కంప్యూటర్ మౌస్ బొమ్మ, దాని వైరు భుజం మీదుగా వెనక్కి వెళ్లి వీపు మీదున్న కంపెనీ పేరుకి తగులుకుంటుంది. జాకెట్లు: బూడిద రంగువి, ఒక్కోదానికి తొమ్మిది జేబులు, అందులో ఒకటి ప్రత్యేకంగా ఫ్లాపీ కోసం. "కంప్యూటర్ సబ్ నహీ ఖరీద్ సక్తే. టీషర్ట్ తో ఖరీదేంగే! ఆజ్ టీషర్ట్, కల్ కంప్యూటర్" అన్నాడు. అంటే ఇవాళ మన చొక్కా తొడుక్కున్నవాడు రేపు మన కంప్యూటర్ కొంటాడని. ఇంటికొచ్చి ఈ గొప్ప ఆలోచన పిన్నికి చెప్పాను. పిన్ని వంకాయ తరుగుతూ, "కంప్యూటర్లమ్మేవోలు సొక్కాలమ్మడమేటే? రేపు సొక్కాలోలు కంప్యూటర్లమ్ముతారా?" అంది. నాకు చాలా కోపం వచ్చింది. జవాబు తెలియనప్పుడు నాకు కోపం ఇంకొంచెం ఎక్కువ వచ్చేది.

ఆ బట్టల మీద రెండు నిమిషాల సినిమా ఒకటి తియ్యాలన్నాడు ఫ్లాపీ సార్. ఆదివారం రాయపూర్ నుంచీ దుర్గ్ నుంచీ డీలర్లు వస్తారు, వాళ్లకి చూపించాలి, ఆ తర్వాత లోకల్ కేబుల్‌లో వేయించాలి. ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడతానన్న ఒక్క కారణంతో డైరెక్టర్ని నన్ను చేశాడు. శనివారం సాయంత్రానికి క్యాసెట్ టేబుల్ మీద ఉండాలి, లేకపోతే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు అని హిందీలో నవ్వుతూనే చెప్పాడు. నేను ఒక ఇంగ్లీషు పత్రికలో చూసిన ప్రకటనని మనసులో పెట్టుకుని స్క్రిప్టు రాసుకున్నాను. మూడే వాక్యాలు. యువతీ యువకులు వేగంగా నడుస్తూ ఉంటారు. ఎవరూ నవ్వరు. ఎవరూ కెమెరా వైపు చూడరు.

కెమెరా ఉన్నది మాకు తెలిసి ఒక్కడికే, కోహ్కాలో ఉండే షాదీ భయ్యాకి. భిలాయిలోనే పుట్టిన శ్రీకాకుళం వాళ్లబ్బాయి. ప్లాంటు వాళ్లుండే సెక్టార్లలో జరిగే తెలుగు పెళ్లిళ్లన్నిటికీ వీడియో అతనే. అతనికి ఒకే ఒక్క నియమం: ఏ ఒక్కరి మొహమూ వదలకూడదు. ఒకసారి ఏదో పెళ్లిలో పెళ్లికొడుకు పెద్దత్తని క్యాసెట్‌లో వదిలేశాడట, ఆవిడ మూడేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదట. నా స్క్రిప్టు విని, "దీదీ, సూడకపోతే మొహం ఎలా వొస్తాది?" అన్నాడు. రాకూడదన్నాను. నా వైపు జాలిగా చూశాడు.

వస్తామన్న దుర్గ్ కాలేజీ పిల్లలు పరీక్షలున్నాయని గురువారం పొద్దున్న ఎగ్గొట్టారు. ఫోను పట్టుకుని జామచెట్టు కింద నేను చిందులేస్తుంటే పిన్ని బయటికొచ్చి, "ఆలు రాపోతే మానె. మనోలు లేరేటి?" అని మా క్వార్టర్ల లైనంతా వినపడేలా కేకేసింది. అరగంటలో పద్నాలుగు మంది వచ్చారు. డిసెంబరు చలి కావడంతో జాకెట్లకి మంచి గిరాకీ. పిన్ని పట్టుచీర మీద జాకెట్ తొడిగి, కొంగు బయటికి తీసి వేసుకుంది. పక్క క్వార్టర్‌లో ఉండే కోకోవెన్ పెదనాన్న (ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పని, మాకు వరస కూడా ఏమీ కాదు) టీషర్టుని ఇస్త్రీ చేయించిన ప్యాంటులోకి దోపి, తల నున్నగా దువ్వుకుని వచ్చారు. యువతీ యువకులంటే ఎలాగూ లేరు, కనీసం నడిస్తే చాలనుకున్నాను.

నడవరే! షాదీ భయ్యా కెమెరా మీది లైటు వెయ్యడం ఆలస్యం, నడుస్తున్నవాళ్లు నడుస్తున్నచోటే ఆగిపోయి, కొంగు సర్దుకుని, కెమెరా వైపు తిరిగి కదలకుండా నిలబడ్డారు. ఇన్నేళ్లుగా వాళ్లు చూసిన కెమెరా పెళ్లి కెమెరా ఒక్కటే. లైటు మొహం మీద పడితే ఏం చెయ్యాలో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నిలబడాలి, చిన్నగా నవ్వాలి, లైటు పక్కవాళ్ల మీదకి వెళ్లేదాకా ఓపిక పట్టాలి. ఒకావిడ అలవాటు కొద్దీ పక్కావిడ నోట్లో బిస్కట్ ముక్క కూడా పెట్టేసింది. "నడవండి! చూడొద్దు! నవ్వొద్దు!" అని నేను అరుస్తున్నాను. కోకోవెన్ పెదనాన్న రెండడుగులు నడిచి, ఆగి, కెమెరాకి నమస్కారం పెట్టారు.

"పెదనాన్నా, ఎందుకు చూస్తున్నారు?"

"సూడకపోతే ఎలాగమ్మా? సినిమా సూసేవోలు ఏటనుకుంటారు? మొహం తిప్పీసుకుని పోతన్నాడు, ఈడికెంత పొగరో అనుకోరా?"

తొమ్మిదోసారి కూడా నమస్కారమే పెట్టారు. నాకు కళ్లు మూసుకుపోయాయి. "మీలాంటి పల్లెటూరి వాళ్లని పెట్టుకుని సినిమా తియ్యాలనుకోవడం నాదే బుద్ధితక్కువ! వెళ్లిపోండి అందరూ!" అన్నాను. అనేసి, చేతిలో ఉన్న ఫోను విసరబోయి, అది పిన్నిదని గుర్తొచ్చి ఆగాను. కోకోవెన్ పెదనాన్న టీషర్టు విప్పి, బనీను మీదే నిలబడి, దాన్ని నాలుగు మడతలు పెట్టి అరుగు మీద పెట్టారు. ఆయన వెనకే అందరూ. జాకెట్లన్నీ చక్కగా మడతపెట్టినవే, ఒక్కటి కూడా విసిరింది లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. రిజిస్టర్లు విసరడం నా పద్ధతి కదా.

మధ్యాహ్నం బాబాయి డ్యూటీ నుంచి వచ్చేసరికి లైనంతా తెలిసిపోయింది. నన్ను తిట్టలేదు. గోడకి తగిలించిన రైళ్ల టైం టేబుల్ తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను పిన్ని దగ్గరికి వెళ్లి, అందరికీ ఫోను చేసి సారీ చెప్తానన్నాను. "ఫోను ఎంతమందికున్నాదే? ఉన్నా సరే, పిలుపంటే ఫోన్లో సేసీదా?" అని ఫోను లాక్కుని, చేతిలో కుంకుమ భరిణ పెట్టింది. "ఇంటింటికీ ఎల్లు. బొట్టెట్టి పిలు. పెళ్లికి పిలిచినట్టు."

వెళ్లాను. చేతిలో ఫోను లేకుండా జామచెట్టు దాటడం బహుశా అదే మొదటిసారి. మొదటి గుమ్మం ముందు కుంకుమ వేలికి ఎక్కువంటి నా డ్రెస్సుకే పూసుకున్నాను. సారీ అనే మాట నోటికి రాలేదు కానీ, బొట్టు పెట్టి "రేపు పొద్దున్న మా సినిమాకి రావాలండీ" అనడం వచ్చింది. బొట్టు పెట్టాలంటే ఎదుటివాళ్ల మొహంలోకి తిన్నగా చూడాలి, అక్కడే నా కోపం సగం చచ్చింది. కోకోవెన్ పెదనాన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. లోపల పెద్దమ్మకి బొట్టు పెట్టి, వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఎన్నిళ్లు పిలిసేవు?" అన్నారు. ఏడన్నాను. "ఎనిమిదో ఇల్లేదీ? పొద్దున్న ఆలు రాలేదని వొదిలీసేవా? లైన్లో ఒకిల్లు వొగ్గీసి పిలుస్తారేటమ్మా ఎవరైనా? నడు, నానూ వొస్తాను" అని చెప్పులేసుకున్నారు. అలా ఎనిమిదో ఇంటి నుంచి వెనక లైనుకి, అక్కడి నుంచి దాని వెనక లైనుకి. ఆయనే ముందు నడిచి, "మా అమ్మాయి సినిమా తీస్తన్నాది" అని చెప్పారు.

శుక్రవారం పొద్దున్న నలభై మందికి పైగా వచ్చారు. జాకెట్లు చాలక వంతులేసుకున్నారు. నేను స్క్రిప్టు మడిచి ఫ్లాపీ జేబులో పెట్టుకున్నాను. (చలికి పిన్ని నాకూ ఒక జాకెట్ తొడిగింది.) షాదీ భయ్యా తన పద్ధతిలో ఒక్కొక్క మొహం మీదా లైటు వేసుకుంటూ వెళ్లాడు. అందరూ నిలబడ్డారు, నవ్వారు, నమస్కారాలు పెట్టారు. మధ్యలో నేను కనీసం నలుగురినైనా నడిపించాలని అటూ ఇటూ తిరిగి అరుస్తూనే ఉన్నాను, మానలేదు. ఒక్కరోజులో అంతా మారిపోతే మనుషులమెలా అవుతాం?

ఆదివారం డీలర్ల ముందు క్యాసెట్ వేశారు. ఎడిటింగ్‌లో భయ్యా పైనుంచి గులాబీ రేకులు కూడా రాల్చాడు. రెండు నిమిషాలనుకున్నది, మొహాలు వదలకూడదు కాబట్టి, పదకొండు నిమిషాలైంది. అయిపోయాక రాయపూర్ డీలరు ఒకాయన గొంతు సవరించుకుని, "సబ్ ఠీక్ హై, లేకిన్ దుల్హన్ కిధర్ హై?" అన్నాడు. అంతా బాగానే ఉంది, పెళ్లికూతురేదీ అని! ఫ్లాపీ సార్ మొహం చూసి, సోమవారం నేను వెళ్లాల్సింది ఆఫీసుకి కాదు, స్టేషన్‌కి అని అర్థమైపోయింది. కానీ కేబుల్ వాళ్లకి డబ్బు ముందే కట్టేశాడు కాబట్టి ఆ రాత్రే సినిమా వేశారు. ఒకసారి పడిందో లేదో, మా లైన్ల వాళ్లంతా కేబుల్ ఆఫీసు మీద పడి మళ్లీ వెయ్యమన్నారు. చూసినవాళ్లు జాకెట్ ఎక్కడిదని అడిగారు. టిఫిన్ డబ్బా, గేట్ పాస్, మఫ్లరు, ఖైనీ డబ్బా అన్నీ పట్టే తొమ్మిది జేబుల జాకెట్ ఫస్ట్ షిఫ్టుకి సైకిలు మీద వెళ్లేవాళ్లకి తెగ నచ్చింది. ఆ చలికాలం జాకెట్లన్నీ అయిపోయాయి. వాటి వల్ల ఒక్క కంప్యూటరూ అమ్ముడుపోలేదు, టీషర్టులు చాలా కాలం కంప్యూటర్లు తుడవడానికి పనికొచ్చాయి. నా ఉద్యోగం మాత్రం నిలబడింది. బాబాయి టైం టేబుల్ మళ్లీ గోడకి తగిలించాడు.

మొన్న షాదీ భయ్యా కొడుకు పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ ఆ సినిమా నా ఫోనుకి పంపాడు. వంట మానేసి మూడుసార్లు చూశాను. కోకోవెన్ పెదనాన్న ఇప్పుడు లేరు. కానీ నేను ఎంత మొత్తుకున్నా వినకుండా కెమెరా వైపే చూశారు కాబట్టి, ఇవాళ తిన్నగా నా వైపే చూసి నమస్కారం పెడుతున్నారు. చివర్లో, ఎవరినీ వదలకూడదన్న నియమం ప్రకారం, హృదయం ఆకారంలో ఒక చట్రం, అందులో నేను. తొమ్మిది జేబుల జాకెట్, చేతిలో కార్డ్‌లెస్ ఫోను, వేలికి పోని కుంకుమ మరక. ఎవరి మీదో అరుస్తూ చాలా వేగంగా నడిచి వెళ్లిపోతున్నాను. నవ్వడం లేదు. కెమెరా వైపు చూడటం లేదు. మొత్తం పదకొండు నిమిషాల్లో నా స్క్రిప్టు ప్రకారం నటించింది ఆ పిల్ల ఒక్కతే.