సన్యాసినాయుడి పింఛనులో మూడో వంతు

1944 ఏప్రిల్‌లో నన్ను తాలూకా కచేరీలోని సబ్‌ట్రెజరీకి అకౌంటెంటుగా వేశారు. విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్యనున్న తాలూకా అది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అంతకుముందు నాలుగేళ్లు పాతపట్నంలో గుమాస్తాగా చేశాను. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

తాలూకాలో వసూలైన శిస్తు సబ్‌ట్రెజరీలో జమ అయ్యేది. జీతాలూ పింఛన్లూ అక్కడినుంచే వెళ్లేవి. డబ్బు చేత్తో ముట్టేవాడు షరాబు. కాగితాలు చూసి, ఇవ్వవచ్చునా లేదా అని తేల్చేవాడు అకౌంటెంటు. ఇద్దరికీ పైన తాసీల్దారు. పింఛను ఆర్డరు రెండు సగాలుగా ఉండేది. ఒకటి పింఛనుదారు దగ్గర, రెండోది మా దగ్గర. నెల మొదటివారంలో మనిషి తానే వచ్చి నిలబడితే, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి, ముఖం మీది పుట్టుమచ్చలు సరిచూసి చెల్లించేవాళ్లం.

అలా వచ్చేవాళ్లలో సన్యాసినాయుడు ఒకడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు కాంపౌండరుగా పనిచేసి ఆ ముందటేడే దిగిపోయాడు. రాజాం వైపు ఒక పల్లెలో ఉండేవాడు. నెలకు ఇరవై నాలుగు రూపాయల పింఛను. వరసలో ఎవరైనా దగ్గితే వెనక్కి తిరిగి ఎన్నాళ్లనుంచి అని అడిగేవాడు. తన భార్య దగ్గు గురించి మాత్రం జూన్ నెల వరకు నాతో అనలేదు.

ఆమె పేరు నరసమ్మ. క్షయ. కాంపౌండరు కాబట్టి సంగతి ఆయనకు డాక్టరు చెప్పకముందే తెలుసు. దక్షిణాది జిల్లాల్లో క్షయ రోగులను ఉంచుకుని చూసే శానటోరియం ఒకటి ఉండేది. అందులో డబ్బు కట్టి చేరే మంచాలు కొన్ని, బీదలకు ఉచిత మంచాలు కొన్ని. ఉచిత మంచం కావాలంటే కుటుంబ ఆదాయం నెలకు ఇరవై రూపాయలు దాటలేదని తాసీల్దారు సర్టిఫికెట్ ఇవ్వాలి. నాయుడికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తోంది.

ఆ నెల పింఛను పుచ్చుకున్నాక ఆయన వెళ్లలేదు. అందరూ పోయినదాకా వరండాలో కూర్చుని, నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"బాబూ, పింఛనీలో కొంత అమ్ముకోవచ్చని సెప్తారు. అలా అమ్ముకుంటే నెలనెలా వచ్చింది తగ్గుతాది కదా. ఇరవైకి కిందకి దిగిపోతే ఆ సర్టిఫికెట్టు వస్తాదా?"

ఆయన అడిగినది కమ్యుటేషన్ గురించి. పింఛనులో మూడో వంతు వరకు శాశ్వతంగా వదులుకుంటే, దానికి బదులు వయసును బట్టి లెక్కగట్టి ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. ఆ నిబంధనలు నాకు కంఠతా వచ్చు. కచేరీలో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరకే వచ్చేవారు; అది నాకు ఇష్టంగానూ ఉండేది. కాగితం మీద లెక్క వేసి చూపించాను. మూడో వంతు పోతే పింఛను పదహారు అవుతుంది. చేతికి వెయ్యి రూపాయల పైచిలుకు వస్తుంది. రైలు ఖర్చులకు, ఆమెకు తోడు వెళ్లేవాళ్ల తిండికి డబ్బు ఉంటుంది, మంచం ఉచితంగా దొరుకుతుంది.

"వస్తుంది నాయుడుగారూ. పదహారు ఇరవైకి తక్కువే కదా," అన్నాను.

దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఆయన సంతకం చేసి, ఆ కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత నాకిచ్చాడు.

కమ్యుటేషన్‌కు వైద్యపరీక్ష తప్పదు. మనిషి ఆరోగ్యం బాగులేకపోతే డాక్టరు వయసుకు కొన్నేళ్లు కలుపుతాడు, ఆ మేరకు మొత్తం తగ్గుతుంది. పరీక్షకు వెళ్లేలోపల దరఖాస్తు వెనక్కు తీసుకోవచ్చు. డాక్టరు సంతకం పడిన తరువాత వీల్లేదు. ఆగస్టులో నాయుడు విజయనగరం వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చాడు. గట్టి మనిషి, డాక్టరు ఒక్క ఏడు కూడా కలపలేదు. సెప్టెంబరులో సొమ్ము మా సబ్‌ట్రెజరీలోనే అందుకున్నాడు. అదే వారం శానటోరియం నుంచి తెప్పించుకున్న ఫారం నింపి తాసీల్దారుకు పెట్టుకున్నాడు.

ఆ ఫారం అంతవరకు నేను చూడలేదు. చూడాలని తోచలేదు.

తాసీల్దారు దాన్ని పింఛను వివరాలు సరిచూడమని నా దగ్గరకు పంపారు. నాలుగు పేజీలు. మూడో పేజీలో కచేరీ నింపవలసిన ఆదాయం గడి, దాని కింద సన్న అక్షరాలతో వివరణ. పింఛనుదారు కొంత భాగం అమ్ముకుని ఉంటే, అమ్మకముందు ఉన్న పూర్తి పింఛనునే ఆదాయంగా చూపాలి. దానివల్ల వచ్చిన సొమ్ములో మిగిలినది ఆస్తి కింద చూపాలి. రెండుసార్లు చదివాను. నేను చెప్పిన సలహా వల్ల నాయుడికి ఉచిత మంచం దగ్గర కాలేదు, ఇంకా దూరమైంది. ఇదివరకు నాలుగు రూపాయలే అడ్డం. ఇప్పుడు ఆ నాలుగు రూపాయలతో పాటు వెయ్యి రూపాయల ఆస్తి కూడా అడ్డం వచ్చింది. ఎనిమిది రూపాయలు నెలనెలా ఎలాగూ పోయాయి.

కబురు పెడితే మర్నాడే వచ్చాడు. ఫారం చదివి వినిపించాను. ఆయన బల్లమీదకు వంగి నెమ్మదిగా అన్నాడు.

"పదహారని రాసేయండి బాబూ. అబద్ధం కాదు కదా. మీ పుస్తకంలో ఉన్నాది పదహారే."

అబద్ధం కాదన్నది నిజమే. నా రిజిస్టరులో ఆ రోజున ఉన్నది పదహారు. అంతే రాసి సంతకం చేసి ఉంటే తాసీల్దారు అడిగేవారు కాదేమో. కాని పింఛను ఆర్డరు నకలు శానటోరియంకు వెళ్లాలి. దాని మీద కమ్యుటేషన్ సంగతి ఎర్రసిరాతో ఉంటుంది. బయటపడితే ఆమెను మంచం మీదనుంచి లేపి పంపించేస్తారు. అది నాకు భయం. నా ఉద్యోగం గురించి కూడా భయమే. అది దాచడం దేనికి.

రాయలేనన్నాను.

"మీరు సెప్తేనే సేసాను," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆసుపత్రిలో నేను తప్పు మందు కలిపితే నా సేత తాగించీవోరు. మీకేటి అవుతాది?"

ఆ మాట అని లేచి వెళ్లిపోయాడు.

ఇరవై నాలుగు, పదహారు, రెండు అంకెలూ రాసి, ఫైలు నేనే తాసీల్దారు గదిలోకి తీసుకెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి, మాట పొదుపు. ఫారం మొదటినుంచి చివరిదాకా చదివారు. తర్వాత అన్నారు: "నీకు తెలిసింది ట్రెజరీ సంగతి. నువ్వు చెప్పింది శానటోరియం సంగతి." అంతకుమించి మందలించలేదు. నాలుగో పేజీ తిప్పి నా ముందు పెట్టారు. అక్కడ ఇంకో వాక్యం ఉంది. అమ్ముకున్న సొమ్ము పూర్తిగా రోగి చికిత్సకే ఖర్చయినట్టు రసీదులు చూపితే, అప్పుడు చేతికొస్తున్న పింఛనునే ఆదాయంగా తీసుకోవచ్చు. నేను మూడో పేజీ దగ్గరే ఆగిపోయాను.

ఆ ఆదివారం నాయుడి ఊరు వెళ్లాను. నరసమ్మ వసారాలో విడిగా మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోతే నాయుడు వద్దన్నాడు. విషయం చెప్పాను. ముందు డబ్బు కట్టే మంచంలో చేర్చాలి, ప్రతి ఖర్చుకూ ఆమె పేరున రసీదు పుచ్చుకోవాలి, ఇంకో అవసరానికి ఆ డబ్బు ముట్టకూడదు. ఈసారి ఫారం ఆయన చేతికే ఇచ్చి, ఆ వాక్యం ఆయన చేతనే చదివించాను. ఆయన చదివాడు. నా మాట మీద మళ్లీ ఆధారపడదలచుకోలేదని అర్థమైంది. శానటోరియంకు తానే ఉత్తరం రాసి, జవాబు వచ్చాకే కదిలాడు.

నరసమ్మకు మాత్రం దూరం వెళ్లడం ఇష్టం లేదు. "అంత డబ్బు నా ఒక్కదానికేటి? ఇల్లు కప్పించుకో," అన్నదట. నాయుడు వినలేదు.

అక్టోబరులో చీపురుపల్లిలో రైలెక్కారు. యుద్ధకాలం, పెట్టెల్లో సిపాయిలు నిండి ఉండేవారు. ఆమెను పడుకోబెట్టడానికి చోటు లేక విజయవాడ దాకా నాయుడి ఒడిలో తల పెట్టుకునే వెళ్లిందని తర్వాత విన్నాను. శానటోరియంలో, జబ్బు చేసిన ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి పొందేలా దాని పక్కన గాలి ఎక్కించే వైద్యం చేశారు. అప్పట్లో క్షయకు ఉన్న వైద్యం అదే. నాయుడు ఆమె దగ్గరే ఉండిపోయి, నెలనెలా పింఛను అక్కడి ట్రెజరీకి మార్పించుకున్నాడు. అమ్ముకున్న సొమ్ము పదకొండు నెలలకు సరిపోయింది. రసీదులన్నీ దారంతో కుట్టి నాయుడు పంపిన కట్ట ఇప్పటికీ నా కళ్లకు కనిపిస్తుంది. తేదీ వారీగా, ఒక్కటి తప్పకుండా, కాంపౌండరు మందుల చిట్టా రాసినట్టు. తాసీల్దారు అదే రోజు సర్టిఫికెట్ మీద సంతకం చేశారు. తరువాతి ఏడు నెలలు ఆమె ఉచిత మంచంలో ఉంది.

1946లో ఇద్దరూ తిరిగి వచ్చారు. ఆమె బరువైన పనులు చేయలేకపోయినా తన వంట తాను చేసుకునేది. మరో తొమ్మిదేళ్లు బతికింది. పదహారు రూపాయలు ఇద్దరికి చాలక, నాయుడు అరవయ్యేళ్లకు దగ్గరపడుతూ రాజాంలో ఒక వర్తకుడి మందుల కొట్లో పనికి కుదిరాడు. రోజూ రాను పోను నడకే. ఒకసారి అమ్ముకున్న పింఛను మళ్లీ రాదు.

ఆ ఊళ్లో నేను ఉన్నంతకాలం ఆయన నెల మొదట్లో వచ్చి, సంతకం చేసి, సొమ్ము పుచ్చుకుని వెళ్లేవాడు. నమస్కారం పెట్టేవాడు. బల్ల దగ్గర నిలబడి ఏదీ అడిగేవాడు కాదు. నేను క్షమించమని ఒకసారి అన్నాను. "మా ఇంటిది లేచి తిరుగుతున్నాది బాబూ," అన్నాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

తరువాత ఇరవై ఆరేళ్లు సర్వీసు చేశాను. కమ్యుటేషన్ దరఖాస్తు పట్టుకుని ఎవరు వచ్చినా ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఈ పింఛను చూసి మీకు ఇంకెవరైనా ఏదైనా ఇస్తున్నారా, ఇవ్వబోతున్నారా అని. అవునంటే, ఆ కచేరీ ఫారం తెమ్మనేవాణ్ణి. ఆదాయం అన్న మాటకు ఒక్కో కచేరీలో ఒక్కో అర్థం ఉంటుంది. అవతలివాళ్ల అర్థం చివరి పేజీ దాకా చదవనిదే, మా కచేరీ లెక్క ఎంత సరిగా ఉన్నా సలహా చెప్పకూడదు.