పెయింటు కింద ఐదు వోల్టులు

మా చిన్నాన్న పాల ట్రాలీ ఎందుకు స్టార్ట్ కావడం లేదో చెప్పడానికి రెండు రోజుల్లో చాలామంది వచ్చారు. కొలిచి చెప్పినవాడు ఒక్కడూ లేడు.

అది పాత డీజిల్ బండి. చిన్నాన్న రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు ఇబ్రహీంపట్నంలో బయలుదేరి, యాచారం వైపు ఏడు ఊళ్లలో పాల క్యాన్లు ఎక్కించుకుని, ఏడున్నరలోపు చిల్లింగ్ సెంటర్‌లో దించాలి. మొదటి రోజు తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది, డాష్‌బోర్డు లైట్లు మసకబారాయి, అంతే. నలుగురు నెట్టారు, స్టార్ట్ అయింది. రెండో రోజు ఒక ఊరి దగ్గర ఎత్తు మీద లోడుకు ఇంజన్ ఆగిపోయింది. తాళం తిప్పితే మళ్లీ అదే టిక్కు. నిండు క్యాన్లున్న బండిని నెట్టడం ఎవరి వల్లా కాలేదు. ట్రాక్టరు తెచ్చి లాగేసరికి తొమ్మిది దాటింది. ఎండకు రెండు క్యాన్ల పాలు విరిగాయి.

"రేపు గూడ గిట్లనే లేటైతే రూటు వేరేటోనికిస్త," అన్నాడట సెంటర్ సూపర్‌వైజర్. చిన్నాన్న పదకొండేళ్లుగా నడుపుతున్న రూటు అది. వేరే పని ఆయనకు తెలియదు.

ఆ రోజు నేను సెలవు పెట్టాను. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి లిఫ్టులు రిపేరు చేసే ఉద్యోగంలో ఉన్నాను. మీటరు నా సంచిలోనే ఉంది. అయినా చిన్నాన్న మన్నెగూడ నుంచి బండ్ల మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి బండి కింద దూరి, సెల్ఫ్ మోటారును పానాతో నాలుగు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. దేని కోసం విన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"సెల్ఫ్ ఖతం," అన్నాడు.

"మీటర్ పెట్టి చూడరాదే అన్నా," అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది బండ్ల కింద పండుకుంటున్న తమ్మీ. నాకు చెయ్యే మీటరు. గా డబ్బలు మీ లిఫ్టులకు పెట్టుకో."

ఇరవై ఏళ్లు బండ్ల కింద పడుకున్నవాడికి వీపు నొప్పి వస్తుంది, విద్య కాదు. ఈ మాట పైకి అనలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఆయన తప్పు చేస్తుంటే చూడటం నాకు బాగానే ఉంది.

సెల్ఫ్ మారింది. టిక్కు. "గట్లయితే బ్యాటరీ," అన్నాడు మేస్త్రి. ఆటోల అడ్డా దగ్గరి కొట్టు నుంచి కొత్త బ్యాటరీ వచ్చింది. టిక్కు. అప్పుడు ఆయన పానా తీసి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీదా అడ్డంగా తాకించాడు. ఫట్టుమని నిప్పురవ్వలు లేచాయి. "సూసినవా? కరెంట్ మస్తుంది!" అని నా వైపు తిరిగి నవ్వాడు. లిఫ్టు తాడు గట్టిదో కాదో తెలుసుకోవడానికి ఈయన దాన్ని కోసి చూసే రకం. ఇంట్లోంచి చిన్నమ్మ కొత్త నిమ్మకాయ తెచ్చి బంపరుకు కట్టింది. ఆమెకు మేస్త్రికంటే తక్కువ తెలుసని నేను అనను. కనీసం ఆమె ఏదీ పగలగొట్టలేదు.

సాయంత్రం నాలుగింటికి మేస్త్రి చేతులు తుడుచుకుని, "రేపొచ్చి వైరింగంత ఇప్పి చూస్త," అని వెళ్లిపోయాడు. రేపు ఏడున్నర తర్వాత ఆ వైరింగు ఎవరికి కావాలి? చిన్నాన్న ఖాళీ క్యాన్ల పక్కన కూర్చుని నా వైపు చూశాడు.

"నువ్వన్న చూడురా. గా నీ మిషిన్ దియ్యి."

నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాను: బ్యాటరీ, ప్లస్ కేబులు, తాళం స్విచ్చు, సెల్ఫ్‌కు వెళ్లే సన్న వైరు, సెల్ఫ్. చిన్నాన్న తాళం తిప్పుతుంటే ఒక్కొక్కటీ కొలిచి టిక్ పెట్టాను. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ రెండు వోల్టులు. ప్లస్ కేబుల్లో పోయేది పాయింట్ రెండు. సెల్ఫ్‌కు అందేది ఏడు. ఐదు వోల్టులు కనిపించడం లేదు.

మీటరునే అనుమానించాను. లీడ్లు మార్చి మళ్లీ కొలిచాను. అవే అంకెలు. ఐదు వోల్టులు పోవడానికి ఇక ఒకే చోటు మిగిలింది: సెల్ఫ్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారి, అంటే ఎర్త్. నా వరుసలో అది లేదు. మరిచిపోయి కాదు. దసరాకు ముందు ఆ కేబులు బిగించింది నేనే, అందుకని చూడనవసరం లేదనుకున్నాను.

బండి పూజకు ఛాసిస్ నల్లగా మెరవాలని చిన్నాన్న అడిగితే, ఎర్త్ కేబులు విప్పి, తుప్పు గీకి, ప్రైమరు, దాని మీద రెండు కోట్లు పెయింటు వేసి, ఆరాక కేబులు మళ్లీ బిగించాను. ఫోటో కూడా తీసుకున్నాను. కేబుల్ రింగు కూర్చునే చోట పెయింటు ఉండకూడదని మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలుసు. అప్పట్లో బోల్టు మరల గుండా కరెంటు ఎలాగో పారింది. రోజూ పాలు ఒలికిన బండిని కడిగిన నీళ్లకు ఆ మరలు తుప్పు పట్టాయి.

బ్యాటరీ మైనస్‌కూ ఛాసిస్‌కూ మధ్య మీటరు పెట్టి తాళం తిప్పమన్నాను. ఐదు.

"ఏమాయెరా?"

"ఎర్త్ కాడ పెయింట్ ఉంది కాకా. కరెంట్ వాపస్ పోతలేదు."

"గాడ పెయింట్ మీద కేబులెవడు బిగించిండు? గా మేస్త్రిగాడేనా? ఉండు, వాని సంగతి చెప్త." ఫోను తీసి నంబరు వెతకసాగాడు.

ఊరుకుంటే సరిపోయేది. మేస్త్రి తిట్లు తినడానికి తగినవాడే. కానీ ఆయనా నేనూ చేసింది ఒకటే. ఆయన తన చేతిని నమ్మాడు, నేను నా చేతిని నమ్మాను.

"నేనే కాకా. దసరకు."

చిన్నాన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. "డిప్లొమా చదివి గిదారా చేసింది? వాన్ని తిడ్దామని నంబర్ గూడ తీసిన గదరా!" వీధి వైపు ఓసారి చూసి, "ఎవ్వలకు చెప్పకు. జల్ది గీకు," అన్నాడు.

ఇనుము మెరిసేదాకా గీకి, రింగు బిగించి, పైన గ్రీజు పూశాను. తాళం తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది. పదిసార్లు ఆపి, పదిసార్లు స్టార్ట్ చేసి చూపించాను. పదిసార్లూ చిన్నాన్న తల ఊపాడు.

మర్నాడు పాలు ఏడుంబావుకే సెంటర్ చేరాయి. రూటు నిలిచింది. సాయంత్రం చిన్నమ్మ చెప్పింది: ఏడు ఊళ్లలో ఒక్కచోట కూడా ఆయన ఇంజన్ ఆపలేదట.