రాజన్న సెల్లి పాట

పాస్కా పండగ, అదే ఈస్టరు, వెళ్లి మూడు వారాలైంది. పలాసలో జీడిపిక్కల కార్ఖానాలో పనిలో ఉన్నాను. టెక్కలిలో కన్యాస్త్రీల మఠం నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, మీ సిస్టరు ఇక లేదు" అన్నారు. చేతులు కూడా కడుక్కోకుండా బస్సెక్కేశాను.

సిస్టరంటే నా కూతురే. మఠంలో చేరిన కాణ్నుంచి ఊరంతా దాన్ని అలాగే పిలిచింది. నేనూ ఎగతాళికి "ఏటి సిస్టరూ" అనేదాన్ని. "నువ్వు కూడానేటే అమ్మా!" అని వీపు మీద ఒక్కటిచ్చేది. నేను అయిదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఎంతోమందికి వచ్చిన కిడ్నీ జబ్బే దానికీ వచ్చింది. డయాలసిస్‌కి పలాస వచ్చినప్పుడల్లా కాశీబుగ్గలో నా గదికి వచ్చి పడుకునేది. ఉప్పు తినకూడదు. ఎండుచేప ముక్క మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన సూత్తే డాక్టరు తిట్టడులే" అని నవ్వేది.

మఠంలో రోజూ ఏడుసార్లు పాడుతూ ప్రార్థన చేస్తారు. పాస్కా వచ్చాక యాభై రోజులు కొన్ని పాటలు మారతాయి. పడుకునే ముందు మరియమ్మకి పాడేది కూడా మారుతుంది. దాని పాత రాగం తెలిసిన ముసలి సిస్టరు పోయింది. పుస్తకంలో ఆ కాగితాన్ని చెదలు తినేశాయి. ఆ రాగం వెతికే పని నా కూతురికి ఇచ్చారు.

"ఫోన్లో వంద రకాలున్నాయే అమ్మా. మా మఠం రాగం ఒక్కటే లేదు" అనేది. మందుల కంటే ఆ కాగితాలే ఎక్కువ మోసేది. ఈ పండక్కే దొరకాలని దాని పంతం. ఇంకో పండగ తనకి లేదని దానికి తెలుసు. నాకు చెప్పలేదు, అంతే.

ఒకరోజు మధ్యాహ్నం అది పడుకునుంది. నేను జీడిపప్పు పొట్టు తీస్తూ ఏదో పాడుకుంటున్నాను. గబుక్కున లేచి కూర్చుంది.

"అమ్మా, ఏటది?"

"మీ అమ్మమ్మ పాట. రాజన్న సెల్లి పాట."

"ఏ రాజన్న?"

"నాకేటి తెలుసే? ఎవుడో రాజన్న. ఆడి సెల్లి లెగట్లేదు. రాజన్న సెల్లి లేత్తారే, లేత్తారే అని లేపుతారు. పొద్దున్నే మమ్మల్ని లేపడానికి మా యమ్మ పాడీది."

అది నవ్వింది చూడండి, పక్కలు పట్టుకుని, కళ్లంట నీళ్లొచ్చేదాకా. మా అమ్మ చిన్నప్పుడు ఆ మఠంలోనే గదులు ఊడ్చేది. అక్కడ విన్న లాటిన్ పాటే, నా కూతురు వెతుకుతున్నదే, మా ఇంటికి వచ్చి రాజన్న సెల్లి అయిపోయింది.

"రాజన్నా లేడు, సెల్లీ లేదే. అది 'రెజీనా చేలీ, లేతారే'. పరలోక రాణీ, సంతోషించు అని దాని అర్థం."

"సమాధిలోంచి లెగిసినోడి పండగ కదే. లెగకుండా సంతోషమేటి?" అన్నాను. "అయినా సిస్టరంటే సెల్లే కదా. నిన్ను లేపడానికే మీ అమ్మమ్మ దాచిందేమో."

అది ఫోను చేతిలోకి తీసుకుంది. తరవాత, "నువ్వు నీకొచ్చినట్టే పాడే అమ్మా. దేవుడికి మన యాస వచ్చు" అంది.

నాచేత పదిసార్లు పాడించుకుని ఫోన్లో పట్టింది. నోటు పుస్తకంలో రాసింది. ఏం రాసిందో చూద్దామని పట్టుకుంటే జీడి నల్లబార్చిన నా బొటనవేలు ముద్ర పడింది. "మచ్చ పడిపోనాదే!" అన్నాను. "ఉండనీ" అంది.

పండగ నాడు నేనూ వెళ్లాను. నిలబడలేక కుర్చీలో కూర్చునే అందరిచేతా పాడించింది. గొంతు ఆగిపోయిన చోట నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది.

మట్టి చేసే రోజున కూడా సిస్టర్లు ఆ పాటే ఎత్తుకున్నారు. దాని పుస్తకం నా చేతిలో పెట్టారు. తెరిస్తే నల్ల ముద్ర. దాని పక్కన చిన్న అక్షరాలతో, 'అమ్మ పాడేది ఇలా' అని రాసి, నా తప్పంతా తప్పుగానే దించింది.

వాళ్లు సంతోషించమని పాడారు. నేను ఆ ముద్ర మీద వేలు పెట్టుకుని, లేత్తారే, లేత్తారే అని దాన్ని లేపుతూనే ఉన్నాను.