బోర్డు మింగిన శోభ

సూర్యాపేట కొత్త బస్టాండు ఎదురు సందులో, మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. పైన రేకు మీద ‘సుధాకర్ కంప్యూటర్స్’ అని రాసి ఉంటుంది. ఆ సుధాకర్‌కు కంప్యూటర్లలో ఓనమాలు కూడా తెలియవు. ఆయన ఆర్టీసీలో కండక్టరు. దుకాణమన్నాక మగవాడి పేరే ఉంటుందని రేకు రాసినవాడు తనకు తానే అనుకుని, శోభను ఒక్క మాట అడక్కుండా ఆమె మొగుడి పేరు రాసేశాడు. మళ్లీ రాయించడం రంగు దండగని శోభ వదిలేసింది. అందుకే ఇప్పటికీ వచ్చినవాళ్లు గడపలో నిలబడి, సారు లేడా అని అడుగుతారు.

“సారు మిర్యాలగూడ బస్సుల టికెట్లు కొడుతున్నడు. గాడికే పో,” అంటుంది శోభ, తల ఎత్తకుండానే.

సిగ్గున్నవాడు వచ్చి కూర్చుంటాడు. సిగ్గు లేనివాడు వేరే దుకాణానికి పోతాడు, వారం తిరగకుండా మళ్లీ వస్తాడు. అప్పటికి ఒక జబ్బు రెండై ఉంటుంది.

శోభది నేరేడుచర్ల పక్క పల్లె. తండ్రి అచ్చయ్యకు నూట ఇరవై గొర్రెలు. మంద వెనక నడుస్తూనే ఇంటర్ దాకా చదివింది. తర్వాత సూర్యాపేటలో ఆరు నెలలు కంప్యూటరు రిపేరు నేర్పే చోట చేరితే, ఇరవై రెండు మందిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. టైపింగు నేర్చుకోరాదా అన్నాడట చెప్పే ఆయన. ఆ ఇరవై రెండు మందిలో ఈనాటికీ ఆ పనిలో ఉన్నది శోభ ఒక్కతే. ఆ చెప్పే ఆయన ఇప్పుడు ఇళ్ల స్థలాలు అమ్ముతున్నాడు.

బడిలో నేర్చింది ఎంతో గానీ, మంద దగ్గర నేర్చింది మాత్రం బాగా పట్టింది. గొర్రె తన జబ్బు నోరు విప్పి చెప్పదు, అందుకని మందు మీద మందు పోయకు, ఒకటి పోసి పూట ఆగి చూడు అనేవాడు అచ్చయ్య. శోభ కంప్యూటరు విప్పినా అంతే. ఒకటి మారుస్తుంది, ఆగుతుంది, చూస్తుంది. నాలుగూ ఒక్కసారే మార్చి, బాగైంది కదా అని చేతులు దులుపుకునే రకం కాదు.

ఇంత పనిమంతురాలికి కోదాడలో మాత్రం ఒక చెడ్డ పేరు ఉంది.

దాని కథ అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. కంప్యూటరు మీట నొక్కగానే, తెర మీద బొమ్మ రాకముందే, లోపలి పెద్ద బోర్డు మీద గోరంత చిప్పు ఒకటి లేస్తుంది. అది లేచి మిగతావాళ్లందరినీ లేపుతుంది. నువ్వెవరు, నీ వేగమెంత అని అడిగి పనిలో పెడుతుంది. ఆ చిప్పులో ఉండే రాతనే బయోస్ అంటారు. రాత పాతబడితే, కొత్తగా కొన్న మెమరీ కడ్డీలతో దానికి పొసగదు. మెల్లగా నడిపితే నడుస్తాయి, డబ్బా మీద రాసిన వేగానికి తోలితే తడబడి పడిపోతాయి. అప్పుడు బోర్డు కంపెనీవాళ్లు ఇచ్చే కొత్త రాతను అందులో ఎక్కించాలి. నాలుగు నిమిషాల పని. కానీ ముందు పాత రాత చెరిగిపోతుంది, ఆ తర్వాతే కొత్తది పడుతుంది. ఆ నడుమ కరెంటు పోయిందా, ఇక లేపే దిక్కు ఉండదు. బోర్డు చచ్చినట్టే.

ఐదేళ్ల కింద కోదాడలో దేవసహాయం అనే ఫొటో స్టూడియో ఆయన దగ్గర సరిగ్గా అదే జరిగింది. పెళ్లి ఆల్బములు చేసే కంప్యూటరు ఆగి ఆగి నడుస్తుంటే శోభ బయోస్ మార్చడానికి కూర్చుంది. మూడో నిమిషంలో కరెంటు పోయింది. దేవసహాయం మంచివాడు, నీ తప్పేముందిలే అమ్మా అన్నాడు. శోభ వినకుండా తన చేతి డబ్బుతో కొత్త బోర్డు వేసి, చచ్చినదాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కింది. బస్సు ఊరు దాటకముందే పక్క జిరాక్సు దుకాణంవాడు పేరు పెట్టేశాడు: బోర్డు మింగిన శోభ.

నాలుగు నెలలు ఆ చచ్చిన బోర్డును ముందర పెట్టుకుని కూర్చుంది. చిప్పు కాళ్లకు చిన్న క్లిప్పు తగిలించి, ఇంకో కంప్యూటరు నుంచి రాతను నేరుగా అందులోకి దించే ఉపాయం ఒకటుందని తెలుసుకుని, అది నేర్చి, బోర్డును బతికించి, కోదాడ తీసుకుపోయి దేవసహాయం చేతిలో పెట్టింది. ఈనాటికీ ఆయన రెండో కంప్యూటరులో అది నడుస్తూనే ఉంది. అయినా ఏం లాభం. చంపిన కబురు బస్సెక్కి పోతుంది, బతికించిన కబురు కాలినడకన కూడా పోదు.

అప్పటినుంచి శోభ ఎవరి దగ్గరా బయోస్ జోలికి పోలేదు. మెమరీ తడబడితే వేగం తగ్గించి పంపేసేది. కాళ్లకు బందం వేసిన ఎద్దులా అదీ నడిచేది. వాళ్లు తృప్తిపడేవాళ్లు. తాను చేసింది సగం పనేనని ఆమె ఒక్కదానికే తెలుసు. అది ఆమెకు అన్నం దగ్గర కూడా గుర్తొచ్చేది.

ఈ మధ్య మిర్యాలగూడ నుంచి పిలుపొచ్చింది. అక్కడ నాగేశ్వర్ రావుకు రైస్ మిల్లు ఉంది. ఆయన కూతురు నిత్య మిల్లు ఆఫీసు పై గదిలో కూర్చుని, ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టుగా కంప్యూటరులో కదిలించి చూపిస్తుంది. ఇంజనీర్లు ఆమె దగ్గరికే వస్తారు. కొత్త మెమరీ కడ్డీలు వేసినప్పటినుంచి ఇల్లు సగం తిరిగేసరికి కంప్యూటరు బిగుసుకుపోతోంది. శోభ రెండుసార్లు పోయి, కడ్డీలను ఒక్కొక్కటే పెట్టి చూసింది. మెల్లగా నడిపితే ఏ తప్పూ లేదు, డబ్బా మీది వేగానికి పెడితే పది నిమిషాల్లో తప్పులు పడుతున్నాయి. కడ్డీలు మంచివే, బోర్డు రాతే పాతది. వేగం తగ్గించి వచ్చేద్దామనుకుంది. కానీ నిత్య వదలలేదు. మెల్లగా నడిపేదానికి ఇవి ఎందుకు కొన్నానక్కా అని అడిగింది. శోభ మూడోసారి వచ్చి రాత మారుస్తానని మాటిచ్చేసింది.

ఆ మూడోసారి పోయిన రోజు అమావాస్య. ఆ మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. అమావాస్య పూట గుమ్మడికాయ కొట్టేటప్పుడు మిల్లులో తిరిగేదేదీ తిరగకూడదు, దీపం తప్ప వెలిగేదేదీ వెలగకూడదు. మెయిను దించేస్తారు, ఇన్వర్టరు కూడా ఆపేస్తారు. కాయ పగిలి, యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టాకే మళ్లీ ఎత్తుతారు. ఎన్నింటికి కొడతారని శోభ ముందే అడిగింది. పన్నెండింటికి అని చెప్పింది నిత్య. అప్పుడు పదిన్నర. కావలసినంత సమయం ఉంది.

పాత రాతను ముందు పెన్‌డ్రైవులో దాచుకుంది. కోదాడ నేర్పిన బుద్ధి అది. కరెంటు పోయినా ఆగకుండా తీగను ఇన్వర్టరుకు తగిలించింది. అంతలో నాగేశ్వర్ రావు మెట్లెక్కి వచ్చాడు. ఊరూరా తిరిగే బియ్యం వ్యాపారి, ఆయన చెవిన పడని మాట ఉంటుందా.

“కోదాడల నీకేందో పేరు పెట్టిన్రట గద శోభమ్మా. మా బోర్డు గూడ మింగుతవా ఏంది?”

“పొద్దున తినే వచ్చిన సేటూ. ఆకలి లేదు,” అని రాత ఎక్కించడం మొదలుపెట్టింది.

పాతది చెరిగింది. కొత్తది పడుతోంది. సగం పడింది. అప్పుడు కింద మిల్లు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. గేటు దగ్గర గుమ్మడికాయ ఫెటేలున పగిలింది.

జరిగింది ఏమిటంటే, నాగేశ్వర్ రావు తల్లి స్వరాజ్యలక్ష్మి పొద్దున పంచాంగం చూపించుకుంది. అమావాస్య పదకొండింటికే దాటిపోతుందని తేలింది. ముందుగానే కొట్టెయ్యమని మిల్లు నడిపే కాటయ్యకు చెప్పింది. కాటయ్య చెప్పినట్టు చేశాడు. ఇంకొకరికి చెప్పాలని ఆమెకు తోచలేదు. యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆమె కొట్టిందే గంట.

కర్పూరం పళ్లెంతో, కంప్యూటరుకు బొట్టు పెడదామని ఆమే పైకి వచ్చింది. నిత్య ముఖం చూసింది, కొడుకు ముఖం చూసింది. పేరు ఉత్తగ రాదు అని కొడుకు గొణిగేసరికి సంగతంతా అడిగి తెలుసుకుంది. తెలుసుకున్నాక తల ఇంకా నిటారుగా పెట్టింది.

“నా మిల్లుల నేను గుమ్మడికాయ కొట్టుకోవద్దా?”

“కొట్టుకోవాలె అమ్మా. తప్పు నాదే,” అంది శోభ. “ఎన్నింటికి కొడుతరని నిత్యను అడిగిన గానీ, కొట్టిచ్చేటోళ్లను అడగలె. జర అరగంట ఇయ్యి నాకు. ఒక చాయ్ గూడ.”

ముసలామె పళ్లెం పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల ఏడవకపోవడం, ఎవరి మీదా నెట్టకపోవడం ఆమెకు నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు.

శోభ సంచిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసింది. మూత తీస్తే అందులో అన్నం లేదు, తీగా క్లిప్పూ ఉన్నాయి. ఐదేళ్లుగా మోస్తోంది. నలుగురి ముందు వాడటం ఇదే మొదటిసారి. చిప్పుకు ఎనిమిది కాళ్లు, ఒక్కొక్కటి చీమ కాలంత. క్లిప్పు ఒకసారి జారింది, రెండోసారి జారింది. మూడోసారి కుదురుగా కూర్చుంది. తన పాత లాప్‌టాప్ నుంచి, దాచిన రాతను అందులోకి దించింది. సరిగ్గా పడిందో లేదో మళ్లీ చదివించి పోల్చుకుంది. అప్పుడు ముసలామెతో బొట్టు పెట్టించి, మెయిను ఎత్తమని చెప్పి, మీట నొక్కింది.

ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు గడిచింది, ఇరవై, ముప్పై. నాగేశ్వర్ రావు నిట్టూర్చి మెట్ల వైపు తిరిగాడు. శోభ చెయ్యి కదల్చలేదు. చిప్పు లేచాక కడ్డీలతో కొత్తగా పరిచయం చేసుకోవాలి, మొదటిసారి కొంత ఆలస్యమవుతుంది. అది ఆమెకు తెలుసు. తెలిసినా గుండె చెప్పిన మాట వినదు కదా. నిమిషం నిండబోతుండగా తెర వెలిగింది.

నిత్య ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. చాయ్ అప్పుడే వచ్చింది.

“అయిపోయినట్టేనా?” అంది స్వరాజ్యలక్ష్మి.

“లేదమ్మా. పాతది బతికింది, అంతే. కొత్తది మళ్ల ఎక్కియ్యాలె.”

నాగేశ్వర్ రావు ఇక చాలన్నాడు. బతికింది కదా, మెల్లగానే నడవనీ అన్నాడు. శోభ టిఫిన్ డబ్బా మూత పెట్టి లేస్తే అడిగేవాళ్లు లేరు. లేవలేదు. అప్పుడు ముసలామె కొడుకును ఒక చూపు చూసింది.

“బియ్యం సగం ఉడికినంక పొయ్యి మీదికెళ్లి దించుతరారా? ఎక్కియ్యనీ. మెయిను కాడ నేను కూసుంట.”

అన్నట్టే కిందికి దిగి, మెయిను డబ్బా కింద కుర్చీ వేయించుకుని, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. ఇక మిల్లు మొదలుపెట్టనా అని కాటయ్య వస్తే, డబ్బా మీద చెయ్యి వేస్తే చెయ్యి విరుగుతుందని చెప్పి పంపింది. ధాన్యం లారీలు వరుసకట్టాయి. దేవుడి కోసం, చావుల కోసం తప్ప ఆగని ఆ మిల్లు, ఒక గోరంత చిప్పు కోసం ఇంకో పావుగంట ఆగింది.

కొత్త రాత నిండా పడింది. కంప్యూటరు లేచింది. ఆ సంగతి నిత్య మెట్ల మీదినుంచే అరిచి చెబితే, స్వరాజ్యలక్ష్మి కాటయ్యకు చెయ్యి ఊపి, అప్పుడు లేచింది.

తర్వాత శోభ తొందరపడలేదు. వేగాన్ని ఒక మెట్టు పెంచింది, పరీక్ష పెట్టింది, ఆగింది. ఇంకో మెట్టు పెంచింది, ఆగింది. డబ్బా మీది వేగానికి తెచ్చి పెద్ద పరీక్షకు వదిలేసి, కిందికి పోయి పప్పూ దోసకాయ పచ్చడితో కడుపునిండా తిన్నది. వడ్డించింది ముసలామే. రెండు గంటలు పోయాక చూస్తే ఒక్క తప్పు లేదు. నిత్యకు ఆశ పుట్టి, ఇంకొంచెం తోలుదామంది. సరేనని శోభ డబ్బా మీది వేగాన్ని దాటించి చూపించింది. ఐదు నిమిషాలకే తప్పులు పడ్డాయి. మళ్లీ కిందికి దించి అక్కడే కట్టేసింది.

“మా నాయన అంటడు. ఎనక గొర్రె ఎంత నడుస్తదో మంద గంతే నడుస్తది,” అంది.

ఆ సాయంత్రం శోభ ఎక్కిన బస్సులో కండక్టరు ఆమె మొగుడే. ఏమైందని సుధాకర్ అడిగితే, చెప్పడానికి సూర్యాపేట దాకా సరిపోయింది. నడుమ ఇద్దరికి టికెట్లు కొట్టడం మరిచిపోయాడు.

కోదాడలో ఆ పేరు పోలేదు. పేర్లు అంత తేలిగ్గా పోవు. కాకపోతే నాగేశ్వర్ రావు పోయిన చోటల్లా, మా బోర్డును మింగి మళ్లీ కక్కింది అని చెబుతున్నాడు. ఇప్పుడు కోదాడ నుంచే చచ్చిన బోర్డులు సంచుల్లో వస్తున్నాయి. మొదట తెచ్చింది ఆ జిరాక్సు దుకాణంవాడే. శోభ వాణ్ని గంటసేపు కూర్చోబెట్టి, ఆ తర్వాతే సంచి విప్పింది.

ఇక స్వరాజ్యలక్ష్మి సంగతి. ఆమె తప్పయిందని ఒక్కనాడూ అనలేదు, అనబోదు. కానీ ప్రతి అమావాస్యకు, కాయ కొట్టించేముందు, సూర్యాపేటకు ఫోను చేస్తుంది.

“ఏమే పిల్లా, కొట్టియ్యనా?”

పోయిన అమావాస్యకు శోభ తన దుకాణంలో ఎవరిదో బోర్డుకు రాత ఎక్కిస్తోంది. దానికీ మిర్యాలగూడ మిల్లుకూ సంబంధమే లేదు. ఆ మాటే చెప్పబోయి, ఊరుకుంది.

“జర నాలుగు నిమిషాలు ఆగు అమ్మా,” అంది.

మిర్యాలగూడలో గుమ్మడికాయ పట్టుకుని కాటయ్య నాలుగు నిమిషాలు ఎండలో నిలబడ్డాడు.