నేల విరిగిన చోటు

మొన్న మా చెల్లెలి మనవరాలు ఉత్తర ధ్రువం వైపు వెళుతున్న ఓడ మీద నుంచి వీడియోలో కనిపించి, గ్రీన్‌లాండూ నార్వే ఒకప్పుడు అంటుకుని ఉండేవనీ, మధ్య నేల సాగి, పలచబడి, చివరికి తెగిపోయిన తీరును సముద్రం అడుగున వెతుకుతున్నామనీ చెబుతూ, తన గదినీ, కిటికీ అవతలి మంచుపలకలనూ చూపించింది. ఆ గది దానికొక్కదానికే. నేను మంచును సరిగా చూడనే లేదు, గదినే చూస్తూ ఉండిపోయాను.

ఎనభైల మొదట్లో నేను విశాఖలో భూభౌతిక శాస్త్రంలో పరిశోధన చేస్తుండేదాన్ని. ఊరి నిండా ఉక్కు కర్మాగారం కట్టే పనుల లారీలు, వాటి వెనక ఎర్రదుమ్ము, మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా వారూ ఆ పనుల్లోనే ఉండేవారు, మాకో ఏడాది పిల్ల. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన మా నాన్న నన్ను తగరపువలస దగ్గరి రైతు కుటుంబంలో ఇచ్చారు. నా పరిశోధన మన తీరం గురించే. ఈ తూర్పు కనుమల రాయీ, అంటార్కిటికా మంచు కింది రాయీ ఒకే నేలవనీ, కోట్ల ఏళ్ల కిందట అది చీలి మధ్యలోకి సముద్రం వచ్చిందనీ చదివాను గానీ, ఆ అంచు నీళ్ల కింద ఎలా ఉందో చూడాలంటే ఓడ ఎక్కాలి.

ఓడ వచ్చింది. వెళ్లేవాళ్లలో నేనూ ఉన్నానన్నారు, తీరా ఆడవాళ్లకు వేరే గది లేదని వద్దన్నారు. గోపాలపట్నంలోని మా అద్దె ఇంటికి వచ్చి వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే, బడి ముఖం ఎరగని మా అత్తగారు చేపలు తోముతూ అంతా విని, గది సంగతి వదిలేసి, ఇంకేదో అడిగారు.

“నేల ఇరిగిపోతే ఆ రెండో ముక్క ఏటైపోనాదమ్మా?”

అది దక్షిణానే ఉండిపోయి మంచు కిందికి చేరిందనీ, మన ముక్కే ఉత్తరానికి జరిగి జరిగి వచ్చిందనీ అన్నాను.

“మరి ఇరిగిన కాడ సూడకపోతే ఇంత సదువెందుకు? మీ మేష్టార్ని మళ్లీ అడుగు. పిల్లని నాను సూసుకుంటాను.”

మర్నాడు భయపడుతూనే మా గురువుగారి దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయన, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా, “ఓడవాళ్లతో మాట్లాడానమ్మా. నా గది నువ్వు తీసుకో, నేను పరికరాల గదిలో సర్దుకుంటాను,” అన్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, పైగా నడుంనొప్పి ఉన్నవారు.

డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి తగ్గుతుండగానే నాకు వాంతులు పట్టుకుని ఆ పూటంతా లేవలేదు. ఆయనే వంటవాడితో నిమ్మకాయ నీళ్లు పంపారు. తెల్లవారాక వెళ్లి యంత్రం ముందు కూర్చుంటే, నీటి కిందికి పంపిన చప్పుడు ప్రతిధ్వనిగా తిరిగొచ్చి కాగితం మీద గీతలై పడుతోంది: పైన సముద్రపు అడుగు, దాని కింద నదులు మోసుకొచ్చిన మెత్తటి బురద పొరలు, ఇంకా కింద గట్టి రాయి, విరిగిన మెట్లలా ఒకదాని కంటే ఒకటి లోతుకు దిగిపోతూ. గురువుగారు నడుం పట్టుకుని వంగి చూసి, “ఇదిగో, ఇక్కడే,” అన్నారు. నా కళ్లు మసకబారిపోయి ఆ గీత నాకు కాసేపు కనిపించలేదు.

తిరిగొచ్చిన రోజు పిల్లను చంకనెత్తుకుని హార్బరు గేటు దగ్గర నిలబడ్డ అత్తగారు, తిన్నావా అని కూడా అడక్కుండా, “కనిపించినాదా?” అన్నారు. కనిపించిందన్నాను. “మా కోడలు సంద్రం కింద నేల ఇరిగిన కాడ సూసొచ్చినాది,” అని ఆ వారమంతా మా వీధిలో చెప్పని ఇల్లు లేదు.

ఇప్పుడు ఆడపిల్లలు ఓడలో గది కోసం ఎవరి దయా కోరక్కర్లేదు, కోరకూడదు కూడా. ఎవరి చోటు వాళ్లకుంది, ఒకరి కోసం మరొకరు లేచి జరగాల్సిన అవసరం తప్పిపోయింది, సంతోషమే. కానీ ఆ ప్రయాణం తర్వాత గురువుగారు చాలాకాలం నిటారుగా నడవలేకపోవడానికి కారణం ఆ పరికరాల గదిలో పడకేనని, ఆయన పోయాక వారి శ్రీమతి చెబితేనే నాకు తెలిసింది. అడిగినప్పుడల్లా ఆయన, కాలేజీ కుర్చీ మంచిది కాదమ్మా, అని నవ్వేసేవారు.