పెళ్లి లాంచీలో రెండు బ్యాటరీలు

తొంభైల మొదట్లో పాలమూరులో నాకు చిన్న బ్యాటరీల దుకాణం ఉండేది. మా చిన్నాయన కృష్ణా నది డ్యాం వెనుకనీళ్లలో చిన్న లాంచీ నడిపేవాడు. పెళ్లివాళ్లు ఎక్కితే పాటలు, లైట్లు తప్పవు కదా! ఉన్న ఒక్క బ్యాటరీ వాటికే అయిపోయి ఇంజను మొరాయించేది. అందుకని నేనే పోయి రెండో బ్యాటరీ బిగించాను. ఒకటి ఇంజనుకు, ఒకటి పాటలకు. మధ్యలో తిప్పుడు స్విచ్చు. ఇంజను నడిచినంతసేపు రెండింటినీ కలిపి ఉంచితే రెండూ చార్జవుతాయి. ఇంజను ఆపగానే పాటల బ్యాటరీ మీదికి తిప్పేయాలి, లేదంటే పాటలు రెండింటినీ ఖాళీ చేస్తాయి. "ఇంక ఫికర్ లేదు చిన్నాయనా, నడినీళ్లల్ల ఆపినా స్టార్టయితది" అని కోతలు కూడా కోశాను.

ఆ తర్వాత ఆ లాంచీ ఎక్కిన మొదటి పెళ్లి నాదే.

పిల్లది నీళ్లకు అవతలి ఊరు. కాబోయే మామకు నా మీద గురి లేదు. "వైర్లు గుంజుకునేటోనికి పిల్లనిస్తే ఏం తిని బతుకుతది?" అన్నాడని నా చెవిన పడింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నా పనితనం ఆయనకు కళ్లారా చూపించాలని పంతం పట్టాను.

నడినీళ్లలో ఇంజను ఆపి గంగమ్మకు పసుపు కుంకుమలు, రవికెగుడ్డ వదలడం మా ఇళ్లలో ఆచారం. ఆపారు. నేను స్విచ్చు తిప్పి వచ్చి కూర్చున్నాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మొక్కుతున్నారు, మగవాళ్లు చిందులు. చాలాసేపటికి పాట నీరసంగా సాగడం మొదలైంది. అంతే, మా అక్క మొగుడు లేచి స్విచ్చును మళ్లీ రెండింటికీ కలిపేశాడు.

"రెండు బ్యాటరీలు పెట్టుకొని గింత పిసినారితనమేందిరా!" అని దాని పక్కనే నిలబడి ఆడసాగాడు.

నా ఒళ్లు మండిపోయింది. కానీ పెళ్లిలో బావను ఒక మాటంటే ఇంకేమన్నా ఉందా? ఆయన అలిగితే అక్క ఏడుపు, అమ్మ ఏడుపు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

పూజ అయ్యాక చిన్నాయన తాళం తిప్పాడు. టక్కుమంది, అంతే. రెండు బ్యాటరీలూ ఖాళీ.

ముహూర్తం దగ్గరపడుతోంది. ఒడ్డున చూసి చూసి మామే పుట్టి పడవలో వచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. బావ మొహం పాలిపోయింది. చెబితే ఆయన పరువు, చెప్పకుంటే నా పరువు.

"తప్పు నాదే మామా. స్విచ్చు చూసుకోలే" అన్నాను.

ఆయన పుట్టిని వెనక్కి పంపి తన ట్రాక్టరు బ్యాటరీ తెప్పించాడు. నేను పెళ్లి పంచె ఎగగట్టి రెండు వైర్లు కలిపాను. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. లాంచీ అంతా ఈలలే ఈలలు!

పందిట్లో నా కాళ్లు కడుగుతూ ఆయన మెల్లగా అడిగాడు. "స్విచ్చు తిప్పింది మీ బావనే గదా?"

నేను పంతులు వైపు చూశాను.

"చెప్పకు తీ. నా బామ్మర్ది పెండ్లిల నేను తాగి బండెద్దులను ఇడిసిపెట్టిన. అవి దొరికేసరికి లగ్గం దాటిపాయె. వాడు నలుగుర్ల నన్నొక్క మాటనలే. గిప్పటికీ వాని ముంగట నా తల లేవది బిడ్డా. గసొంటోడు నా పిల్లకు దొరకాలెనని మొక్కుకున్న."